పాత ఆటకు కొత్త కార్డు కావాలా?

ఇరవై ఏళ్ల కిందట తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల నెట్ సెంటర్లలో గంటకింతని కట్టి ‘వైస్ సిటీ’లో బైకులు తోలిన కుర్రాళ్లు ఇప్పుడు ఇద్దరేసి పిల్లల తండ్రులు. చిత్తూరులోనూ అంతే. సెలవులొస్తే చాలు... ‘నాన్నా, నువ్వు ఆడిన ఆట మాకూ పెట్టు’ అని పిల్లల గొడవ. మూలన పాత కంప్యూటర్ ఎలాగూ ఉంది. తీరా పెడితే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. ‘గ్రాఫిక్స్ కార్డు వేయించండి సార్, పరిగెడుతుంది’ అంటాడు షాపు కుర్రాడు. నెల మధ్యలో కొన్ని వేల రూపాయల మాట! వేయించాలా, వద్దా?

చాలా ఇళ్లలో అక్కర్లేదు. 2003లో పీసీకి వచ్చిన వైస్ సిటీ అడిగేది కేవలం 32 ఎంబీ వీడియో మెమొరీ. 2005లో వచ్చిన శాన్ ఆండ్రియాస్‌కి 64 ఎంబీ చాలు. ‘నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్’, ‘క్రికెట్ 07’ కూడా ఆ కాలం సరుకే. 2012 నాటి ఇంటెల్ ప్రాసెసర్లలో ఉండే సొంత గ్రాఫిక్సే వీటిని మోయగలదు.

మరి ఎందుకు ఆగుతోంది? తరచూ డ్రైవర్ సరిగా లేక. లేదంటే లోపల దుమ్ము పేరుకుని, వేడెక్కి. ఇంకో కారణం చాలామందికి తట్టదు. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కి సొంత మెమొరీ ఉండదు, ర్యామ్‌నే పంచుకుంటుంది. ర్యామ్ ఒకే స్టిక్ ఉంటే దారి సగానికి సగం ఇరుకు. పక్కన అలాంటిదే ఇంకో 4 జీబీ స్టిక్ పెడితే తేడా కంటికి కనిపిస్తుంది. పాత డీడీఆర్3 స్టిక్కుకి అయ్యే ఖర్చు కార్డు ఖర్చు ముందు ఎంతని!

కార్డు వేసినా తీరని చిక్కు ఒకటుంది. అప్పటి సీడీల్లో చాలావాటికి సేఫ్‌డిస్క్ అనే తాళం ఉండేది. 2015లో వచ్చిన విండోస్ 10 నుంచి మైక్రోసాఫ్ట్ దానికి మద్దతు తీసేసింది. అంటే ఎంత ఖరీదైన కార్డు పెట్టినా ఆ సీడీ తెరుచుకోదు. ముందు అది చూసుకోవాలి. పైగా ఆట మరీ వేగంగా నడిచినా తంటాయే. శాన్ ఆండ్రియాస్‌లో ఫ్రేమ్ లిమిటర్ తీసేస్తే హీరో ఈత నత్తనడకన సాగుతుంది!

కార్డు నిజంగా కావాల్సింది ఆ తర్వాతి తరానికి. 2008 చివర్లో పీసీకి వచ్చిన జీటీఏ 4, 2012 నాటి ఫార్ క్రై 3, 2015లో పీసీకి వచ్చిన జీటీఏ 5... వీటి దగ్గరికి వస్తే పాత ఇంటెల్ గ్రాఫిక్స్ చేతులెత్తేస్తుంది.

చవక వరుసలో ముందు కనిపించేది ఎన్విడియా జీటీ 710. మానిటర్ వెలిగించడానికి పనికొస్తుంది, ఆటకు కాదు. దాని పైది జీటీ 730. ఇదో మాయాబజారు! ఒకే పేరుతో మూడు రకాల కార్డులు అమ్మారు. ఒకదాంట్లో 96 కోర్లు, మిగతా రెండిటిలో 384. ఆ రెండిటిలోనూ ఒకటి డీడీఆర్3, ఇంకోటి జీడీడీఆర్5. డబ్బా మీద ‘4 జీబీ’ అని పెద్దక్షరాలు చూసి మురిసిపోతే మోసపోయినట్టే. మెమొరీ ఎంతుందన్న దానికంటే ఎంత వేగంగా అందుతుందన్నదే ఇక్కడ లెక్క.

2017 మేలో వచ్చిన జీటీ 1030 ఈ అవసరానికి సరైనది. 30 వాట్ల కరెంటుతో నడుస్తుంది. జీటీఏ 5ని కూడా సెట్టింగ్స్ తగ్గించుకుని హాయిగా ఆడుకోవచ్చు. అయితే 2018లో ఇదే పేరుతో డీడీఆర్4 రకం దించారు. జీడీడీఆర్5 రకంలో మెమొరీ నుంచి సెకనుకు 48 జీబీ సమాచారం అందితే, ఇందులో అందేది 17 జీబీ లోపే. లడ్డూ కౌంటర్లు అన్నే ఉండి, జనం వెళ్లే దారి మాత్రం మూడో వంతుకు తగ్గితే ఎలా ఉంటుందో తిరుపతి వాళ్లకు వేరే చెప్పాలా? 2017లోనే ఏఎండీ తెచ్చిన ఆర్ఎక్స్ 550 కూడా మంచిదే. 2014 నాటి జీటీఎక్స్ 750 టీఐ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ఈ రెండిటికంటే బలమైనది. కానీ 60 వాట్లు లాగుతుంది.

ఆ వాట్ల లెక్క ఎందుకంటే... ఆఫీసులు వాడి వదిలేసిన సన్నటి డెల్ ఆప్టిప్లెక్స్ డబ్బాలు ఇప్పుడు చాలా ఇళ్లకు చేరాయి. 7010 చిన్న డబ్బాలో పవర్ సప్లై 240 వాట్లే. అందులో పట్టేది పొట్టి రకం, అంటే లో ప్రొఫైల్ కార్డు మాత్రమే. కొలత చూడకుండా తెస్తే మూత పడదు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 డిగ్రీలు దాటడం మామూలే కాబట్టి ఫ్యాన్ లేని కార్డు కంటే చిన్న ఫ్యాన్ ఉన్నదే నయం.

మానిటర్ వెనక్కి కూడా ఓసారి తొంగిచూడాలి. నీలం రంగు వీజీఏ పిన్ను ఒక్కటే ఉంటే జీటీ 1030 నేరుగా తగలదు. దానికున్నవి హెచ్‌డీఎంఐ, డీవీఐ-డి. మామూలు పిన్ను మార్పిడితో పనవదు, సిగ్నల్‌ని మార్చే కన్వర్టర్ కొనాలి.

ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా కనిపించే ‘1050 టీఐ’ల్లో కొన్ని పాత జీటీఎస్ 450 లాంటి వాటికి కొత్త పేరు తగిలించినవి. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపితే ఇలాంటి నకిలీలను చాలావరకు పట్టేస్తుంది. పాత కార్డు కొనేవాళ్లు డబ్బు ఇచ్చేముందే అది నడిపి చూపించమనాలి.

మద్దతు గడువులూ దాటుతున్నాయి. జీటీ 710కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2024తో ఆగాయి. జీటీ 1030కి 2028 అక్టోబర్ దాకా వస్తాయని ఎన్విడియా ప్రకటించింది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆడుకోవడానికి దీనివల్ల లోటేమీ లేదు. బ్యాంకు పనులు మాత్రం ఆ కంప్యూటర్‌లో పెట్టుకోకపోవడమే క్షేమం.

ఇక ఎక్కడ కొనాలి? తిరుపతి వాళ్ల చూపు చెన్నై రిచీ స్ట్రీట్ మీద, చిత్తూరు వాళ్లలో కొందరి చూపు బెంగళూరు ఎస్పీ రోడ్డు మీద. ధర తగ్గే మాట నిజమే కానీ వారంటీ పని పడితే మళ్లీ బస్సెక్కాలి. రెండు మూడు వందల తేడాకైతే ఊళ్లోని షాపే మేలు. ఎక్కడ కొన్నా బిల్లు మీద ‘జీటీ 1030’ అని మాత్రమే కాకుండా పక్కనే ‘జీడీడీఆర్5’ అని కూడా రాయించుకోవాలి.