డ్రైవరు ఎడమ కాలికి చోటేది?

నాందేడ్ నుంచి దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ దారుల్లో జీపులు నడిపే డ్రైవరన్నలు మా దవాఖానాకు వచ్చి చెప్పే మాట దాదాపు ఒకటే. "హకీం సాబ్, ఎడమ కాలు గుంజుతాంది. తుంటి కాడి నుంచి పిక్క దాకా తీగ లాగినట్టు అయితాంది. మంచి నూనె ఏదన్న ఉంటే ఇయ్యుండ్రి."

నేను నూనె ఇస్తాను. పది రోజులు హాయిగా ఉంటుంది. తర్వాత మళ్లీ అదే మనిషి, అదే కాలు, అదే మాట. కొన్నేళ్లు ఇలాగే గడిచాక నాకే సిగ్గనిపించింది. అప్పటి నుంచి ఒక కొత్త అలవాటు చేసుకున్నాను. నాడి చూశాక "బండి ఎక్కడ పెట్టినవ్ తమ్మీ, పద చూద్దాం" అని బయటికి వెళ్తున్నాను. ఆయన సీట్లో ఆయన్ను కూర్చోబెట్టి, కాళ్లు ఎక్కడ పెడుతున్నాడో చూస్తున్నాను. చాలామంది విషయంలో రోగం మూలం అక్కడే దొరికింది.

అందుకే ఈ వారం మందుల గురించి కాక జీపు సీటు గురించి రాస్తున్నాను. వైద్యుడికి బండి సంగతి ఎందుకని కొందరు నవ్వవచ్చు. కానీ నా అభిప్రాయం ఇది: జీపు డ్రైవరు కాలినొప్పికి మొదటి వైద్యం సీటు దగ్గరే మొదలుకావాలి. సీటు సరిచేయకుండా ఎంత నూనె రాసినా అది చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

కదలికా లేదు, విశ్రాంతీ లేదు

1956 దాకా నాందేడ్ హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. అందువల్ల యునానీ ఇక్కడి తెలుగు, మరాఠీ, ఉర్దూ ఇళ్లన్నిటికీ పాత చుట్టమే. ఆ యునానీ చెప్పే మొదటి పాఠం మందుల గురించి కాదు. మనిషి ఆరోగ్యాన్ని నిలబెట్టేవి ఆరు విషయాలని, వాటిని 'అస్బాబె సిత్తా జరూరియా' అని అంటారు. గాలి, తిండీ నీరూ, శరీరపు కదలికా విశ్రాంతీ, మనసు కదలికా విశ్రాంతీ, నిద్రా మెలకువా, శరీరంలో నిలవాల్సినవి నిలవడం, పోవాల్సినవి బయటికి పోవడం. ఈ ఆరూ సమంగా ఉంటే మందుతో పనే తక్కువ.

ఇందులో మూడోది చూడండి. శరీరానికి 'హర్కత్' కావాలి, 'సుకూన్' కూడా కావాలి. పొలంలో నాగలి పట్టిన రైతుకు కదలిక ఉంది, చెట్టు కింద కూర్చుంటే విశ్రాంతి ఉంది. జీపు డ్రైవరు ఎడమ కాలికి ఈ రెండూ లేవు. క్లచ్చి తొక్కనప్పుడు కూడా ఆ కాలు క్లచ్చి మీదే గాలిలో వేలాడుతూ ఉంటుంది. కదలదు కాబట్టి రక్తం బాగా ఆడదు. ఆనదు కాబట్టి కండరం వదులు కాదు. తొడ, పిక్క, నడుము కండరాలు గంటల తరబడి బిగుసుకునే ఉంటాయి. మామూలుగా మనం కుర్చీలో కూర్చుని పాదాన్ని బెత్తెడు పైకెత్తి ఐదు నిమిషాలు ఉంచితే చాలు, డ్రైవరన్న బాధ ఏమిటో తెలుస్తుంది.

స్టీరింగు మారింది, పెడళ్లు మారలేదు

కాలు ఆనించుకోవచ్చు కదా అంటారు. ఎక్కడ ఆనించాలి? చోటు లేకపోవడమే అసలు చిక్కు. దీని వెనక పాత కథ ఉంది.

మన జీపుల మూలం అమెరికా సైన్యానికి రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తయారైన విల్లీస్ జీపు. అక్కడ స్టీరింగు ఎడమవైపు. మన దేశంలో మహీంద్రా సంస్థ 1940ల చివరలో ఆ జీపుల విడిభాగాలు తెప్పించి ముంబైలో బిగించడం మొదలుపెట్టింది. మన రోడ్లకు తగ్గట్టు స్టీరింగు కుడివైపుకు వచ్చింది. కానీ పెడళ్ల వరస మాత్రం మారలేదు. స్టీరింగు ఎటు ఉన్నా క్లచ్చి ఎడమన, బ్రేకు నడుమ, యాక్సిలరేటరు కుడిన ఉంటాయి.

ఇందులో తేడా ఎక్కడ వస్తుందో చూడండి. జీపుకు ఇంజను నిలువుగా ఉంటుంది. దాని వెనక గేరుబాక్సు, నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే మరో గేరు పెట్టె ఉంటాయి. వీటన్నిటి కోసం నడిమి నేల ఉబ్బి ఉంటుంది. ఎడమ స్టీరింగు బండిలో ఆ ఉబ్బు డ్రైవరుకు కుడిపక్కన పడుతుంది. క్లచ్చి కాలు తలుపు వైపు ఉంటుంది కాబట్టి దానికి ఆనుకోవడానికి కాస్త జాగా దొరుకుతుంది. కుడి స్టీరింగు బండిలో ఆ ఉబ్బు సరిగ్గా ఎడమ కాలి పక్కనే లేస్తుంది. క్లచ్చికీ ఆ ఉబ్బుకూ మధ్య పాదం పట్టదు. పైగా పాత విల్లీస్ నమూనాలో ముందు చక్రాలకు పోయే షాఫ్టు ఇంజనుకు కుడివైపున ఉంటుంది. అంటే స్టీరింగు కుడికి మారాక ఆ సరంజామా కూడా డ్రైవరు కాళ్ల వైపే వచ్చింది. ఇక కుడిపక్క చూస్తే చక్రం మీది రేకు లోపలికి వస్తుంది. రెంటి నడుమ పెడళ్లు ఇరుక్కుంటాయి.

ఫలితంగా కొన్ని బండ్లలో పెడళ్లు ఒక పక్కకు, స్టీరింగు ఒక పక్కకు, సీటు ఇంకో పక్కకు ఉంటాయి. డ్రైవరు ఛాతీ ముందుకు చూస్తుంది, నడుము కింది భాగం వంకరగా తిరిగి ఉంటుంది. ఆ వంకరతోనే రోజుకు వంద కిలోమీటర్లు పోతే నడుము నరం ఊరుకుంటుందా? 'ఇర్ఖున్నసా' అని మా గ్రంథాల్లో చెప్పే సయాటికా నొప్పికి ఇంతకన్నా మంచి దారి మనమే వేసి ఇచ్చినట్టు.

కుదుపు, వేడి, కుడిపక్క సవారీ

దీనికి మూడు తోడయ్యాయి. మొదటిది కుదుపు. కూర్చున్న మనిషి వెన్ను సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే ఊపుకు ఎక్కువగా అదురుతుంది. కమాను పట్టీల జీపు నల్లరేగడి బాటల్లో, మాహూర్ ఘాట్ గుంతల్లో సరిగ్గా అలాంటి కుదుపులే ఇస్తుంది. సీటు స్పంజి అణిగి రేకు తగులుతుంటే ఆ దెబ్బ నేరుగా వెన్నుపూసల మధ్య మెత్తని బిళ్లలకు చేరుతుంది.

రెండోది వేడి. గేరుబాక్సు ఉబ్బు నుంచి వచ్చే సెగ ఎండాకాలంలో పాదాన్ని ఉడికిస్తుంది. చెమటకు తగ్గట్టు నీళ్లు తాగరు, దారిలో మూత్రానికి ఆపాల్సి వస్తుందని. ఆపుకుంటారు కూడా. ఆరు సూత్రాల్లో ఆఖరిదానికి ఇక్కడే దెబ్బ.

మూడోది మన పాపం. కాలీ పీలీ జీపుల్లో డ్రైవరుకు కుడిపక్కన, తలుపుకూ ఆయనకూ మధ్య, ఒక సవారీని కూర్చోబెట్టడం మనమంతా చూసిందే. అప్పుడు డ్రైవరు సగం తుంటి మీద కూర్చుని, ఎడమ కాలు ఉబ్బు మీదికి ముడుచుకుని నడుపుతాడు. 1988 మోటారు వాహనాల చట్టం 125వ సెక్షను ప్రకారం డ్రైవరు అదుపుకు అడ్డం వచ్చేలా ఎవరినీ కూర్చోబెట్టకూడదు, ఏ వస్తువూ పెట్టకూడదు. చట్టం సంగతి పోలీసులు చూసుకుంటారు. తిమ్మిరెక్కిన కాలు క్లచ్చి మీద సమయానికి పడకపోతే ఏమవుతుందో ఆ బండిలో ఉన్న పది మంది ఆలోచించుకోవాలి.

సీటును ఇలా చూసుకోండి

వీపు ఆనించి కూర్చుని క్లచ్చి పూర్తిగా తొక్కండి. అప్పుడు కూడా మోకాలు కాస్త వంగే ఉండాలి. కాలు కర్రలా చాపుకుంటే సీటు దూరమైనట్టు. మోకాలు స్టీరింగుకు తగిలితే దగ్గరైనట్టు. సీటు అంచుకూ మోకాలి మడతకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. భుజాలు సీటుకు ఆనించి చెయ్యి చాస్తే మణికట్టు స్టీరింగు పైఅంచు మీద పడాలి. నడుము గుంత దగ్గర తువ్వాలు చుట్టి పెట్టుకోండి. వెనక జేబులో పర్సు తీసేయండి; తుంటి నరానికి అది రాయిలాంటిది.

ఎడమ కాలికి చోటు లేని బండిలో క్లచ్చి వదలగానే పాదాన్ని వెనక్కి తెచ్చి, సీటు ముందు నేల మీద మడమ ఆనించండి. మొదట్లో మరిచిపోతారు, పదిహేను రోజుల్లో అలవాటవుతుంది. మెకానిక్కు చోటు కుదురుతుందంటే చిన్న ఇనుప ఆసరా నేలకు గట్టిగా బిగించమనండి. చెక్క ముక్కలు, ఇటుకలు మాత్రం వద్దు. దొర్లి బ్రేకు కిందికి పోతే ప్రాణం మీదికి వస్తుంది. నీళ్ల సీసాలకూ, విడిచిన చెప్పులకూ ఇదే మాట. క్లచ్చి గట్టిగా ఉంటే కేబులు, ప్లేటు చూపించండి. అరిగిన క్లచ్చి ఖర్చు మోకాలి ఖర్చు కంటే తక్కువ.

గంటన్నర, రెండు గంటలకొకసారి దిగి నాలుగడుగులు వేయండి. పాదాన్ని పైకీ కిందికీ ఇరవై సార్లు ఆడించండి. నీళ్లు తాగండి, మూత్రం ఆపకండి.

ఇక మందు సంగతి

యునానీలో ముందు ఆహారం, ఆ తర్వాత 'తద్బీర్' అనే జీవన పద్ధతి మార్పు, అప్పుడే దవా, ఆఖరున కత్తి. సీటు సరిచేయడం నా దృష్టిలో తద్బీరే. అది అయ్యాక గోరువెచ్చని రోగన్ బాబూనాతో మర్దనా, అవసరమైతే హిజామా పనికొస్తాయి. సూరంజాన్ కలిసిన మాజూన్‌లు మాత్రం పక్కింటివాళ్లు చెప్పారని కొనుక్కుని తినకండి. వైద్యుడు చూసి మోతాదు చెప్పాలి.

పాదం పైకి లేవకుండా జారిపోతున్నా, రెండు తొడల మధ్య తిమ్మిరి పట్టినా, మూత్రం అదుపు తప్పినా నా దగ్గరికి రావద్దు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి. ఒక్క పిక్కే వాచి నొప్పి పుట్టినా అంతే. అది రక్తం గడ్డకట్టడం కావచ్చు.

యజమానులకూ సవారీలకూ ఒక మాట

"ఇరవై ఏండ్ల నుంచి నడుపుతున్నడు, అలవాటైపోయింది" అని యజమానులు అంటారు. అలవాటైంది కాలికి కాదు, మన కళ్లకు. 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరుకు రోజుకు 8 గంటల పని, ఐదు గంటల తర్వాత అరగంట విశ్రాంతి అని రాసింది. కానీ అది ఐదుగురు గానీ అంతకన్నా ఎక్కువ మంది గానీ పనివాళ్లున్న సంస్థలకు ఉద్దేశించింది. ఒక్క జీపు, ఒక్క డ్రైవరు ఉన్నచోట ఆ గంటలు లెక్కపెట్టేదెవరు? యజమాని మనసే చట్టం కావాలి.

కొత్తగా థార్ వంటి బండ్లు కొన్న మన పిల్లలకు కూడా ఇదే చెబుతాను. కొనేముందు చక్రాల ఎత్తు, పాటల పెట్టె చూస్తున్నారు. అరగంట సీట్లో కూర్చుని ఎడమ కాలు ఎక్కడ పెట్టుకోవాలో కూడా చూడండి. ఆటోమేటిక్ గేర్లు వస్తే క్లచ్చి బాధ పోతుంది, నిజమే. అయినా ఎడమ కాలు మాత్రం మనతోనే ఉంటుంది కదా, దానికీ చోటు కావాలి.

సవారీలారా, ఈసారి జీపెక్కినప్పుడు డ్రైవరుకు కుడిపక్క కూర్చోమంటే "వద్దన్నా, తర్వాతి బండిలో వస్త" అనండి. పది నిమిషాలు ఆలస్యమైతే అవుతుంది. ఆ డ్రైవరన్న నడుము నిలబడుతుంది, మీరు క్షేమంగా ఇల్లు చేరతారు. నా నూనె సీసాలు కొన్ని మిగిలిపోతే నాకేమీ బాధ లేదు.