అదీ ఒక పాటేనా?

కారు హయత్‌నగర్ దాటకముందే గొడవ మొదలైంది. కారణం మామూలే... కారుకి ఎవరి ఫోను కలపాలి?

హైదరాబాద్ నుంచి తెనాలి వెళ్లాలంటే అయిదారు గంటలు. అన్ని గంటలూ ముగ్గురం ఒకే పాట వినాలి. నేను ఇళయరాజా అన్నాను. పక్క సీట్లోంచి మా ఆవిడ రెహమాన్ అంది. మా ఇద్దరికీ వయసులో తేడా ఆరేళ్లే. నేను పదహారేళ్ల వాడిగా ఉన్నప్పుడు ‘రాక్షసుడు’ (1986) వచ్చింది. ఆమె కాలేజీలో ఉండగా ‘ప్రేమికుడు’ (1994), ‘ప్రేమదేశం’ (1996) వచ్చాయి. అంతే! ఆ కాస్త తేడాకే మా ఇంట్లో రెండు దేశాలు ఏర్పడ్డాయి. ఇరవై ఏళ్లకు పైగా సంధి చర్చలు నడుస్తూనే ఉన్నాయి.

వెనక సీట్లోంచి ఇంటర్ చదివే మా అమ్మాయి చడీచప్పుడు లేకుండా తన ఫోను కలిపేసింది. వచ్చిన పాట ఏ భాషో నాకు తెలియలేదు. కొరియా అని తర్వాత తెలిసింది. ఒక నిమిషం ఓపిక పట్టాను.

‘‘అదీ ఒక పాటేనా? మిక్సీలో శనగలు వేసినట్టుంది!’’

అనేశాను. అన్న వెంటనే నాకే ఉలిక్కిపాటు. ఆ గొంతు నాది కాదు... మా నాన్నగారిది. మా అమ్మాయి ఏమీ అనలేదు. ఫోను కారునుంచి తీసేసి ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుంది. సూర్యాపేటలో టీకి ఆగేదాకా మాట్లాడలేదు. అక్కడ కూడా ‘నాకొద్దు’ అన్న ఒక్క మాటే!

మీ ఇళ్లలోనూ ఇంతేనేమో. ఇందులో కొత్తేమీ లేదు. కాకపోతే ఆ రోజు నాకు ముప్పై తొమ్మిదేళ్ల నాటి ఒక సాయంత్రం గుర్తొచ్చి, తెనాలి చేరేదాకా వదల్లేదు.

దానికన్నా ముందు మా తాతయ్య గురించి చెప్పాలి. తెనాలి దగ్గర పల్లెటూరు ఆయనది. పాటంటే ఆయన దృష్టిలో పద్యమే. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ ఆడుతున్నారంటే పొరుగూరికైనా నడిచి వెళ్లేవారట. కృష్ణుడి వేషంలో పీసపాటి నరసింహమూర్తి రాగం అందుకుంటే జనం ‘వన్స్‌మోర్’ అని అరవడం, ఆయన మళ్లీ పాడడం, నాటకం తెల్లవారుజామున ముగియడం... ఇదీ ఆయనకు తెలిసిన సంగీతం. మా నాన్న సినిమా పాట కూనిరాగం తీస్తే ‘సినిమా కూతలు’ అని కసిరేవారట.

ఈ విషయంలో మా తాతయ్య ఒంటరివాడేం కాదు. ఢిల్లీలో ప్రభుత్వానిదీ అదే అభిప్రాయం! 1952లో సమాచార ప్రసారాల మంత్రి అయిన బి.వి.కేస్కర్ సినిమా పాటలు జనం అభిరుచిని పాడుచేస్తున్నాయని నమ్మారు. ఆకాశవాణిలో వాటి జోరు తగ్గించారు. ఫలితం ఏమిటంటే, దేశమంతా రేడియో ముల్లు సిలోను వైపు తిప్పింది. హిందీ వాళ్లకి అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా, మనవాళ్లకి మీనాక్షీ పొన్నుదొరై గొంతు. గరగర మధ్య వినిపించే ఆ తెలుగు పాటల కోసం మా నాన్న పక్కవాళ్లింటి అరుగు మీద కూర్చునేవారు. చివరికి ప్రభుత్వమే దిగొచ్చి 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలుపెట్టింది. ‘మంచి అభిరుచి’ని చట్టం పెట్టి నేర్పలేమని ఢిల్లీకి తెలియడానికి అయిదేళ్లు పట్టింది. మన ఇళ్లల్లో ఇంకా తెలియలేదు, అది వేరే సంగతి!

మా నాన్నగారు హైస్కూలులో లెక్కల మాస్టారు. ‘పాతాళభైరవి’ (1951) వచ్చేసరికి ఆయనకి పదమూడేళ్లు, ‘మాయాబజార్’ (1957) నాటికి పంతొమ్మిది. అందుకని ఆయనకి ఘంటసాల గాయకుడు కాదు, దైవం. మా తాతయ్యని కొంత మెత్తబరిచింది కూడా ఆ దైవమేనట. కరుణశ్రీ గారి ‘పుష్పవిలాపం’ పద్యాలు ఘంటసాల గొంతులో విన్నాక, ‘‘వీడికి పద్యం తెలుసురా’’ అన్నారట తాతయ్య. పాటని ఒప్పుకోలేదు, పద్యాన్ని ఒప్పుకున్నారు. పెద్దవాళ్లు ఓడిపోయినా అలా పక్కదారినే ఓడిపోతారు. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయినప్పుడు మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదని అమ్మ చెబుతుంది. నాకప్పుడు నాలుగేళ్లు, గుర్తులేదు.

ఇక నా వంతు. చిన్నమామయ్య కువైట్ నుంచి టేపురికార్డరు తెచ్చి ఇచ్చాడు. నా దగ్గరున్నది ఒకే ఒక్క సినిమా క్యాసెట్టు... ‘రాక్షసుడు’. ఇళయరాజా సంగీతం. ఒక వైపు అయిపోతే రెండో వైపు, అది అయిపోతే మళ్లీ మొదటి వైపు. సాయంత్రం బడినుంచి వచ్చి రేడియో దగ్గర కూర్చోవడం నాన్నకి అలవాటు. ఒకరోజు ఆయన రేడియోలో ఘంటసాల, నా టేపులో బాలు. ఒకే గదిలో రెండూ కలిసి ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నాన్న విసుక్కున్నారు.

‘‘అదీ ఒక పాటేనా? రోట్లో పచ్చడి నూరుతున్నట్టుంది!’’

నాకూ కోపం వచ్చింది. పదహారేళ్లు. ‘‘మీ ఘంటసాల ఏడుపు కంటే నయమే’’ అన్నాను.

నాన్న నన్ను కొట్టలేదు. తిట్టలేదు. నెమ్మదిగా లేచి, రేడియో వైరు పీకి, దాన్ని చంకలో పెట్టుకుని వెనక వరండాలోకి వెళ్లిపోయారు. మర్నాటినుంచి ఆయన అక్కడే వినేవారు, సౌండు బాగా తగ్గించి. ముందు గది నాదైపోయింది. నేను గెలిచాననుకున్నాను. రెండేళ్ల తర్వాత హాస్టలుకి వెళ్లిపోయాను. ఆ మాట గురించి ఆయన మళ్లీ ఎత్తలేదు, నేను క్షమించమని అడగలేదు. ఆయన పోయి ఆరేళ్లయింది.

మనకి నచ్చే పాటలు ఎక్కడినుంచి వస్తాయి? 1989లో మోరిస్ హోల్‌బ్రుక్, రాబర్ట్ షిండ్లర్ అనే ఇద్దరు అమెరికా ఆచార్యులు దీన్ని లెక్కగట్టారు. 1932 నుంచి 1986 వరకు జనాదరణ పొందిన 28 పాటల ముక్కలు తీసుకుని, రకరకాల వయసుల వాళ్లు 108 మందికి వినిపించి మార్కులు వేయమన్నారు. ఎక్కువ మార్కులు పడ్డవి ఎవరికి వారికి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లప్పుడు వచ్చిన పాటలకే. అంటే పాట గొప్పదా కాదా అన్నది తర్వాతి మాట. అది వచ్చినప్పుడు మనకెన్నేళ్లు? మొదటి సైకిలు, మొదటి ప్రేమ, మొదటి జీతం... వీటి వెనకాల ఏ పాట మోగుతూ ఉంటే అదే మన పాట. నేను ఇళయరాజా గొప్పదనం గురించి గంటలకొద్దీ వాదించగలను. కానీ నేను 1938లో పుట్టి ఉంటే ఘంటసాల గురించి అంతే గట్టిగా వాదించి ఉండేవాణ్ని. ఒప్పుకోవడానికి కొంచెం కష్టంగా ఉంది.

2013లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో కరోల్ క్రుమ్‌హాన్సెల్, జస్టిన్ జుప్నిక్ చేసిన పరిశోధన ఇంకా ఆసక్తికరం. ఇరవై ఏళ్ల కుర్రాళ్లకి 1955 నుంచి 2009 దాకా వచ్చిన హిట్ పాటలు వినిపించారు. వాళ్ల సొంతకాలం పాటలు వాళ్లకి బాగా తెలుసు, అందులో వింతేముంది! వింత ఏమిటంటే, తమ అమ్మానాన్నలు యువకులుగా ఉన్ననాటి పాటల మీద కూడా వాళ్లకి ప్రత్యేకమైన మక్కువ కనిపించింది. అరవైల నాటి పాటలకూ అంతే. అవి తాతముత్తవ్వల ఇళ్లనుంచి వచ్చి ఉండొచ్చు, లేదా ఆ పాటలే అంత మంచివై ఉండొచ్చు అన్నారు పరిశోధకులు. మొత్తానికి పాటల రుచి మాటలతో కాదు, చెవిన పడి వస్తుంది. పిల్లలు హోంవర్కు చేసుకుంటూ, అన్నం తింటూ, వద్దనుకుంటూ విన్నదంతా ఎక్కడో దాక్కుని ఉంటుంది.

నా సంగతే చూడండి. ఘంటసాలని ఏడుపు అన్నవాణ్ని. ఇవాళ ‘మాయాబజార్’లో ఏ పాట మొదలైనా చివరిదాకా తప్పుల్లేకుండా పాడగలను. ఒక్కటీ కావాలని నేర్చుకోలేదు. ఇంటికి ఒకటే రేడియో కాబట్టి తప్పించుకునే దారి లేకపోయింది, అంతే. వెనక వరండాకి వెళ్లాక కూడా ఆ రేడియో కిటికీలోంచి వినిపిస్తూనే ఉండేది. 1996లో బాలు ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలుపెట్టినప్పుడు, పదేళ్ల పిల్లలు పాడే పాత పాటలకి హాస్టలు గదిలాంటి నా అద్దెగదిలో కూర్చుని నేను చరణాలు అందించేవాణ్ని. పక్కనున్న స్నేహితుడు విచిత్రంగా చూసేవాడు.

మరి మా అమ్మాయి చెవిన నా పాటలేం పడ్డాయి? ఆలోచిస్తే సిగ్గేసింది. నేను ఫోనులో వింటాను, ఇయర్‌ఫోన్లతో. వాళ్లమ్మ వాకింగులో వింటుంది, ఇయర్‌ఫోన్లతో. మా ఇంట్లో మూడు రకాల సంగీతం రోజూ మోగుతుంది, హాలు మాత్రం నిశ్శబ్దం. ‘నాటు నాటు’కి 2023లో ఆస్కార్ వచ్చినప్పుడు ఒక వారం రోజులు ముగ్గురం ఒకే పాట విన్నాం. తర్వాత మళ్లీ ఎవరి వైరు వారిదే. ఇప్పుడు వైరు కూడా లేదు. (పెళ్లి బరాత్‌లో తెలంగాణ జానపదం పడితే మాత్రం తాతలూ మనవలూ కలిసే ఎగురుతారు. పెద్ద స్పీకరు ముందు ఇయర్‌ఫోన్లు పనిచేయవు కదా!)

సరే, తెనాలి చేరాం. అమ్మకి ఎనభై దాటాయి. ఇక ఒంటరిగా ఉండనివ్వకూడదని, మాతో తీసుకెళ్లిపోవడానికి వెళ్లాం. ఇల్లు సర్దుతుంటే అటక మీద బిస్కెట్ల డబ్బాలో ఒక అరవై నిమిషాల క్యాసెట్టు దొరికింది. మార్కెట్లో కొన్నది కాదు, చేయించుకున్నది. అప్పట్లో ప్రతి ఊళ్లోనూ రికార్డింగు షాపులుండేవి. మనకి నచ్చిన పాటల జాబితా రాసిస్తే రెండు మూడు రోజుల్లో ఖాళీ క్యాసెట్లో ఎక్కించి ఇచ్చేవాళ్లు. అట్ట మీద నాన్న దస్తూరీ. బ్లాక్‌బోర్డు మీద రాసినట్టు నిలువుగా, అంకెలు వేసి మరీ.

‘ఎ’ వైపు ఒకటో నంబరు పాట కాదు, పీసపాటి రాయబారం పద్యం. అంటే తాతయ్యది. రెండో నంబరునుంచి ఘంటసాల. ‘బి’ వైపు కూడా ఘంటసాల, నడుమ రెండు సుశీల. తొమ్మిదోది, చిట్టచివర... ‘రాక్షసుడు’ అని రాసి ఉంది. ఆ పక్కనే బ్రాకెట్లో నా ముద్దుపేరు.

‘‘ఇదెప్పటిదే అమ్మా?’’

‘‘నువ్వు హాస్టలుకెళ్లాక చేయించారు. నువ్వు వదిలేసి పోయిన టేపురికార్డరు ఉందిగా, దాన్లో పెట్టుకునేవారు. అది పాడైపోయేదాకా రోజూ అదే. ముందు గదిలోనే’’ అంది అమ్మ, పాత చీరలు మడతపెడుతూ.

నాకు మాట రాలేదు. క్యాసెట్టు వేసి వినడానికి ఆ ఇంట్లో ఏమీ లేదు. మా ఇంట్లో కూడా లేదు. మా అమ్మాయి నా చేతిలోంచి అట్ట తీసుకుని తిరగేసింది. ‘‘ఇది తాతయ్య ప్లేలిస్టా?’’ అంది. అవునన్నాను. ఆ రాత్రి తను ఫోను పట్టుకుని కూర్చుంది, నేను అట్ట మీది పేర్లు చదివాను. పదిహేడుకి పదిహేడూ దొరికాయి. నేను వరస మార్చబోతే ‘‘వద్దు నాన్నా, తాతయ్య రాసినట్టే ఉండనీ’’ అంది.

తిరుగు ప్రయాణంలో గొడవ లేదు. అమ్మ ముందు సీట్లో కూర్చుంది. వెనకనుంచి మా అమ్మాయి ఫోను కలిపింది. విజయవాడ దాటేసరికి పద్యం, నందిగామ దగ్గర ఘంటసాల. మధ్యలో ఓ పాటకి మా అమ్మాయి తల ఊపడం అద్దంలో చూశాను, చూడనట్టు ఊరుకున్నాను. కోదాడ దగ్గరకొచ్చేసరికి చివరి పాట వచ్చింది. నేను సౌండు తగ్గించబోయాను, అమ్మకి తలనొప్పేమోనని. అమ్మ నా చేతిని ఆపింది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి.

రెండో చరణం మధ్యలో ఉండగా అమ్మ, ‘‘ఇదిగో, ఇక్కడ టక్కుమని ఆగిపోతుంది’’ అంది.

టేపు అక్కడితో అయిపోయి ఉంటుంది. అరవై నిమిషాల్లో పదిహేడు ఇరికించాడు కదా ఆ షాపతను. కానీ ఫోనులో టేపు అయిపోదు. చరణం సాగింది, మళ్లీ పల్లవికొచ్చింది. అమ్మ కాసేపు అలాగే విని, వెనక్కి తిరిగి మనవరాలి వైపు చూసింది.

‘‘ఇంకా ఉందటే ఈ పాట? మీ తాతయ్యకి తెలీదు. కాస్త పెద్దగా పెట్టు.’’