అతిథికి కుర్చీయా, చెక్కలా?

మా కళ్యాణదుర్గము చుట్టుపట్ల పల్లెలకు స్పెయిను దేశమునుండి అతిథులు వచ్చుట ఇప్పుడు వింత గాదు. 1969లో ఆ దేశపువాడైన విన్సెంట్ ఫెర్రర్ అనంతపురము చేరి ఆర్డీటీ సంస్థకు పునాది వేసిన పిమ్మట, ఆ దేశమున నెలనెల తమ సంపాదనలో కొంత తీసి ఈ కరవుసీమ బిడ్డల చదువులకు పంపు గృహస్థులు, తమ సాయమందుకొనుచున్న బిడ్డను ఒక్కమారైన కన్నులార చూచిపోవలెనను కోరికతో ఇంత దూరము వచ్చుచునేయున్నారు. వచ్చినవారికి ఊరు చేయు మర్యాద ఇంచుమించు ఒక్కతీరే: పొలిమేరలో డప్పులు, బంతిపూల దండలు, నొసట బొట్టు, తరువాత రామాలయము ముందర నీడపట్టున వేసిన ప్లాస్టిక్ కుర్చీ. ఆ కుర్చీలో కూర్చుండబెట్టి, ఎదుట కోలాటమో చెక్కభజనయో ఆడి చూపి, చప్పట్లు కొట్టించుకొని, టీ ఇచ్చి పంపివేయుదుము. నాకు అభ్యంతరము ఈ కుర్చీ విషయముననే.

అతిథిమర్యాద తెలియని మాట ఆడుచున్నానని పెద్దలు కోపింపవలదు. కుర్చీ గౌరవమే, కాని ఆ గౌరవమునందొక దూరము కలదు. కూర్చున్నవాడు చూచుటకును, ఎదుట ఎగురువారు చూపుటకును నియమితులై, ఆట ముగియునప్పటికి ఇరువురును, కలిసికొనక పూర్వము ఎంత పరాయివారో అంత పరాయివారుగనే మిగిలిపోవుదురు. ఫెర్రరు స్వయముగ అట్లు కూర్చుండి చూచిపోయినవాడు గాడు. 2009లో కన్నుమూయువరకు ఇచటనే యుండి, తుదకు బత్తలపల్లి మట్టిలోనే కలిసిన మనిషి. అట్టివాని పేరున వచ్చు అతిథులను మనము మాత్రము గంటసేపటి ప్రేక్షకులను చేసి సాగనంపుచున్నాము. ఇంతకంటె వేరైన మర్యాద లోకమున కలదని నేను కనుగొన్నది, మాటలాడుటయందు మహా పొదుపరులని పేరుపడిన ఫిన్లండు వారి నడుమ.

మా అబ్బాయి ఉద్యోగము చేయు ఎస్పో పట్టణమున ఒక వేసవి గడపితిని. 56 లక్షల జనమునకు 1,87,888 సరస్సులు గల దేశమది. భైరవానితిప్ప జలాశయము నిండిన ఏండ్లను వ్రేళ్లమీద లెక్కించు సీమనుండి పోయినవానికి ఆ రెండవ సంఖ్య అసూయ పుట్టించుట సహజము. లిఫ్టులో ఎదురైన పొరుగువాడు తల పంకించుటయే పలకరింపు. బస్సు కొరకు నిలిచినవారి నడుమ బారెడేసి ఎడము. ఊరంతటికిని మైల సోకినట్లు తొలిదినములలో నాకు తోచెను. కాని ఆ మౌనమునందు అలక్ష్యము లేదని క్రమముగ తెలియవచ్చినది. ఎవరి అడవియైనను సరే, ఎవరైనను సరే, ఆ దేశపు పౌరుడు కాకున్నను సరే, అందులోని పండ్లును పుట్టగొడుగులును ఏరుకొనవచ్చునను హక్కు అచట తరతరములుగ నిలిచియున్నది. అట్లు బ్లూబెర్రీలు ఏరుచున్న నన్ను నీవెవరవని అడిగినవాడు లేడు. నా గిన్నె అడుగైనను నిండలేదని కనిపెట్టి, కాయ దట్టముగ నున్న పొదవైపు చేయి చూపి, తన దారిని వెడలిపోయిన ముసలివాడు మాత్రము ఒకడు కలడు. వారి సంభాషణము అంతియే. అది చాలునని నాకు అచటనే తెలిసినది.

ఇట్టి మితభాషులు వేసవి సాయంకాలములందు, సరస్సుల యొడ్డునను చెట్ల నడుమను కట్టిన కొయ్య మంటపములకు జంటనృత్యము కొరకు చేరుదురు. వాద్యబృందము ఒక ప్రక్క వాయించుచుండును. టాంగో, వాల్ట్జ్, హుంపా, జెంకా వరుసగ సాగును. నియమములు కొన్నియే గాని కఠినములు. ఎరిగినవారైనను ఎరుగనివారైనను ఎదుట నిలిచి తల వంచి పిలువవచ్చును. పిలువబడినవారు సామాన్యముగ కాదనరు. రెండు పాటలు కలిసి ఆడవలెను. పిమ్మట పిలువబడినవారిని మొదట నిలిచిన చోటికే తోడ్కొనిపోయి, కృతజ్ఞత తెలిపి, మరలి రావలెను. పేరు అడుగ నక్కరలేదు, కులగోత్రముల మాట సరేసరి. ఈ ఆట వారికి కేవలము కాలక్షేపము కాదనుటకు ఒక చరిత్ర కలదు. 1939లో రష్యాతో యుద్ధము వచ్చినప్పుడు, రణరంగమున బిడ్డలు ప్రాణములు విడుచుచుండగ ఇంటివారు ఆడుట తగదని ప్రభుత్వము బహిరంగ నృత్యమును నిషేధించెను. ఆ నిషేధము పూర్తిగ తొలగుటకు 1948 వరకు పట్టినది. ఆ నడిమి కాలమున యువజనులు కొట్టములలోను మారుమూలలలోను దొంగచాటుగ ఆడిరే గాని మానలేదు.

మంటపమున దీపపుపలక యొకటి వెలిగినచో, స్త్రీలు పిలుచు వంతు వచ్చినదని గుర్తు. అట్లు వెలిగినప్పుడు, బెంచీపై మా కోడలి చేతిసంచి కాచుకొని కూర్చున్న నా యెదుటికి, డెబ్బది యేండ్లు దాటిన ఒక అమ్మ వచ్చి తల వంచినది. పరస్త్రీ చేయి పట్టుట యనగానే మా సీమ మగవానికి కలుగు సంకోచము నాకును కలిగెను. కాని ఆమె ముఖమున దానికి తావిచ్చునదేదియు లేదు. హుంపా యనునది వడిగల రెండడుగుల నడక. చిన్ననాడు రామాలయము ముందర గురువు కేకకు త్రొక్కిన చెక్కభజన అడుగులు కాళ్లలో నెక్కడనో మిగిలియుండెను గాబోలు, తాళము తప్పలేదు. మలుపులలో మాత్రము ఆమెయే నా భుజమును మెల్లగ ఒత్తి దారి చూపినది. రెండు పాటలు ముగియగానే, పిలిచినది తాను గనుక, నన్ను బెంచీదాక తెచ్చి విడిచి, ‘కీటోస్’ (కృతజ్ఞతలు) అని ఒక్క మాట చెప్పి, మరియొకరి యెదుట తల వంచుటకు వెడలిపోయినది. దండ లేదు, ఉపన్యాసము లేదు. ఆ దేశమున నాకు జరిగిన సన్మానములలో అంతకు మించినది లేదు.

వారిది స్వర్గమని నేననుట లేదు. ఇల్లు అద్దెకు అడుగునప్పుడును కొలువునకు దరఖాస్తు పెట్టునప్పుడును పరదేశి పేరు అడ్డుపడునని మా అబ్బాయి స్నేహితులు చెప్పుకొని బాధపడుచుందురు. ఆ బాధ నృత్యమంటపము తీర్చునది గాదు. అయినను, ఆ టాంగో మాత్రము వారి సొంతమా? గత శతాబ్ది రెండవ దశాబ్దిలో ఆర్జెంటీనా దేశమునుండి యూరపు మీదుగ వచ్చిచేరిన పరదేశియే గదా! వచ్చినదానిని తమ విషాదస్వరములోనికి మలచుకొని, తమ మాటలు పొదిగి, ఎంతగ సొంతము చేసికొనిరనగా, 1955లో ఉంతో మోనోనెన్ కూర్చిన ‘సాతుమా’ అను టాంగో పాట ఆ జాతికే ఆనవాలైనది. 1985లో సెయినాయోకి పట్టణమున ఆరంభమైన టాంగో ఉత్సవమున గాయకులలో రాజునో రాణినో ఎన్నుకొందురు. మన పండరిభజన మాత్రము మన మట్టిలో మొలచినదా? పండరిపురపు విఠలుని వెంట మహారాష్ట్రమునుండి వచ్చినది. కుందుర్పి, బ్రహ్మసముద్రము ప్రక్కన కన్నడమును తెలుగును కలగలసిన భజనపాటలకు మా వారెవ్వరును పుట్టుపత్రము అడిగియుండలేదు. ఆటను చేర్చుకొన్న ఊరు ఆటగానిని బయట కూర్చుండబెట్టుట ఏమి న్యాయము?

ఫిన్లండున స్థిరపడిన మనవారిదియు ఇట్టి కథయే. ఉగాదికిని దీపావళికిని హాలు అద్దెకు తీసికొని, పిల్లలచేత సినిమాపాటలకు చిందులు వేయించి, వీడియోలు తీసికొని, పులిహోర తిని ఇండ్లకు పోవుదురు. తప్పు లేదు, పిల్లలకు పండుగ తెలియవలెను. కాని ఏండ్ల తరబడి ఆ దేశమున నున్న నా పరిచితులలో సరస్సు ఒడ్డు మంటపమున అడుగుపెట్టినవారు ఎందరని విచారింపగ, ‘మనకెందుకు లెండి’ అనునదియే తరచుగ వచ్చిన జవాబు. చలికాలపు చీకటిని, ఒంటరితనమును గూర్చి మొరపెట్టుకొనువారును వారే.

అయితే వారిని దెప్పుటకు మనకు అర్హత యెంత? ఫిన్లండు మంటపమున తల వంచిన పరదేశికి చోటున్నది. మన గుడి ముందర గజ్జె కట్టి వలయములో నిలుచుటకు సొంత ఊరివారి కందరకును చోటున్నదా? అనంతపురము సీమకే వన్నె తెచ్చిన ఉరుముల వాద్యము దళితులలోని ఒక శాఖవారి సొత్తు. అది మ్రోగనిదే జాతర కదలదు. వాయించుచు, ఆడుచు, దేవతల కథలు పాడుచు రాత్రులు గడపు ఆ కళాకారులు, తమ పని తీరినంతనే ఎడముగ నిలువవలసిన ఊళ్లు ఇంకను ఉన్నవి. స్పెయిను అతిథిని గౌరవము పేర దూరముంచుదుము, ఉరుములవానిని కులము పేర దూరముంచుదుము. మొదటిది మర్యాద గనుక క్షమింపవచ్చునేమో గాని, రెండవదానికి క్షమాపణ లేదు. కోలాటము ఆడువారిదియు చెక్కభజన మగవారిదియు అను కట్టడి మాత్రము అచ్చటచ్చట సడలుచున్నది, సంతోషము.

అతిథిని చెక్కభజన వరుసలో కలుపుకొందమన్నచో, ఎండ యనియు, అతిథి వయసనియు, చెక్కభజన నేర్చుట ఒక్కపూట పని గాదనియు ఆక్షేపింతురు. గురువు ఊరిలో దిగి, రాత్రులు కూర్చుండి, అడుగు వెంబడి అడుగు నేర్పవలెనన్నది నిజమే. కాని వరుస కొసన చేరి, మొదటి అడుగు వేసి, చెక్క కలుపవలసిన చోట కలుపుటకు పావుగంట చాలును. తప్పు త్రొక్కినచో నవ్వుదురు, ఆ నవ్వులో అతిథియు కలియును. షామియానాకును కుర్చీలకును ఇచ్చు అద్దెతో ఇత్తడి బిళ్ళలు దిగ్గొట్టిన చెక్కలు కొన్ని జతలు వడ్రంగిచేత అధికముగ చేయించి రామాలయపు అలమరలో నుంచవచ్చును. అందులో మొదటి జత ఉరుములవారి పిల్లవాని చేతికిచ్చి, శనక్కాయల పని తీరిన రాత్రులలో వానిని వరుసలో నిలుపుడు. స్పెయిను అతిథి వచ్చునప్పటికి అతనికి అడుగు నేర్పువాడు వాడే కావలెను.