చోళ్ల అంబలి మానేశాం, కీళ్లనొప్పులు కొనుక్కుంటున్నాం

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మొన్న సెలవులకి ఊరెళ్తే మా చిన్నాన్న మంచం మీదున్నాడు. కాలి బొటనవేలు ఎర్రగా వాచిపోయి, దుప్పటి తగిలినా అరుస్తున్నాడు. ఇంకా 40 దాటలేదు. "కొండెక్కి దిగే కాళ్లు, నొప్పులు మామూలే" అన్నారు ఊళ్లో. రక్తపరీక్ష చేయిస్తే యూరిక్ యాసిడ్ ఎక్కువ, గౌట్ అన్నారు. రోజుకి ఎన్ని కూల్‌డ్రింకులు తాగుతావని డాక్టరుగారు అడిగితే చిన్నాన్న నవ్వేశాడు. మందు సంగతే అడుగుతారనుకున్నాడు పాపం. అదీ అడిగార్లెండి.

ఇందులో నవ్వడానికేం లేదు. చక్కెరలో సగం ఫ్రక్టోజ్. దాన్ని కాలేయం ఖర్చుచేసేటప్పుడు యూరిక్ యాసిడ్ పుడుతుంది. రక్తంలో అది ఎక్కువైతే సూదుల్లాంటి స్ఫటికాలై కీళ్లలో పేరుకుంటుంది. 300 మి.లీ. కోలాలో 30 గ్రాముల పైనే చక్కెర ఉంటుంది. రోజుకి రెండు, ఆపైన తీపి డ్రింకులు తాగే మగవాళ్లకి, దాదాపు తాగనివాళ్లకంటే గౌట్ ముప్పు 85 శాతం ఎక్కువని 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది.

చిప్స్, బిస్కెట్ల దారి వేరు. మైదా, పామాయిల్, చక్కెర కలిసి ఒళ్లు పెంచుతాయి. ఒళ్లు పెరిగితే మోకాళ్ల మీద భారం అంతకి కొన్ని రెట్లు పెరుగుతుంది. పాకెట్ వెనక చూడండి, ఏది ఎక్కువ కలిపారో దాని పేరే ముందుంటుంది. చదువుకున్నోళ్లం, మనమైనా చదవాలి కదా!

నా కోపం కొట్టువాళ్ల మీద కాదు, మన మీదే. 100 గ్రాముల చోళ్లలో 300 మి.గ్రా. పైనే కాల్షియం ఉంది. వాటిని సంతలో అమ్మేసి, ఆ డబ్బుతో పిల్లలకి పాకెట్లు కొంటున్నాం. ఆగస్టు 9న స్టేజీ మీద మన సంస్కృతి గురించి మాట్లాడి, కింద కూల్‌డ్రింకులు పంచుతున్నాం.

ఒక్క మాట మాత్రం మర్చిపోవద్దు. పిల్లలకి, కుర్రాళ్లకి పదేపదే కీళ్లు, ఎముకలు నొప్పెడితే తిండి మీదకి నెట్టేయకండి. మనవాళ్లలో సికిల్ సెల్ ఎక్కువ. ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి ఆ పరీక్ష చేయించండి.

ఈసారి ఆగస్టు 9కి మా ఊరి నుంచి చోళ్లపిండి నేను తెస్తాను. జావ కాచడానికి పెద్ద గిన్నెలు, కట్టెలు ఎవరు చూస్తారో కింద పేర్లు పెట్టండి.