యాంటీవైరస్ ఉంది కదా అని ధీమా వద్దు!



"ల్యాప్‌టాప్‌లో యాంటీవైరస్ వేయించాం, ఇక భయం లేదు" అనే మాట తరచూ వింటుంటాం. యాంటీవైరస్ ఉండాల్సిందే. కానీ అదీ ఒక సాఫ్ట్‌వేరే. అందులోనూ లోపాలుంటాయి. పైగా అక్కడ లోపం ఉంటే ముప్పు ఎక్కువ.

ఎందుకంటే, వైరస్‌ను పట్టుకోవాలంటే అది ప్రతి ఫైలునూ తెరిచి చూడాలి, అవసరమైతే తొలగించాలి. అందుకే కంప్యూటర్‌లో దానికి అత్యున్నత అధికారాలుంటాయి. ఇంటి తాళాలన్నీ వాచ్‌మన్ చేతిలో పెట్టినట్టు. లోపలికి వచ్చిన దొంగ ఒక్కో తలుపూ పగలగొట్టక్కర్లేదు, వాచ్‌మన్‌ను ఏమారిస్తే చాలు.

ఇది ఊహ కాదు. విండోస్‌తో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌లో ఇలాంటి లోపం దాదాపు 12 ఏళ్లు ఎవరి కంటా పడలేదు. హానికర ఫైళ్లను తొలగించే దాని డ్రైవర్, తాను రాస్తున్నది అసలు ఫైలా, మరో చోటికి మళ్లించే లింకా అని సరిచూసుకునేది కాదు. మామూలు అకౌంట్‌లో చొరబడిన ప్రోగ్రామ్ దాని ద్వారా పూర్తి అధికారం పొందే వీలుండేది. సెంటినెల్‌వన్ పరిశోధకులు 2020 నవంబరులో తెలియజేయగా, మైక్రోసాఫ్ట్ 2021 ఫిబ్రవరిలో సరిచేసింది. అవాస్ట్, ఏవీజీలలోనూ దాదాపు పదేళ్లుగా ఉన్న లోపాలను 2022లో సరిచేశారు.

మరి మన ఇళ్లలో? పిల్లల హోంవర్కు, గేములు, మన నెట్ బ్యాంకింగ్ అన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో, చాలాచోట్ల ఒకే అకౌంట్‌లో. గేమ్ కోసం పిల్లలు దించుకున్న ‘క్రాక్’ ఫైలుకు అప్పుడు ఏ లోపంతోనూ పనిలేదు. అధికారం మనమే ఇచ్చేసినట్టు.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పిల్లలకు అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ ఇవ్వొద్దు, విడిగా స్టాండర్డ్ అకౌంట్ పెట్టండి. "ఏది ఇన్‌స్టాల్ చేయాలన్నా పాస్‌వర్డ్ కోసం పిలుస్తారు, విసుగు" అంటారేమో. ఆ పిలుపే మంచిది. ఏం వేస్తున్నారో అప్పుడే మనకు తెలుస్తుంది.

అయితే పైన చెప్పిన లోపాలు సరిగ్గా ఈ గోడనే దాటిస్తాయి. గోడ నిలవాలంటే అప్‌డేట్లు పడాలి. "తర్వాత చూద్దాం" అని నొక్కి నెలలు గడపకండి. ల్యాప్‌టాప్‌తో ట్రయల్‌గా వచ్చి, గడువు తీరిన యాంటీవైరస్ ఉంటే తీసేయండి. ఆపై డిఫెండర్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఒకదానికి రెండు యాంటీవైరస్‌లు వేస్తే రక్షణ రెట్టింపు కాదు, తాళాలు ఇంకొకరి చేతికీ ఇచ్చినట్టే.

ఈ ఆదివారం ఒక అరగంట కేటాయించి, ఈ పనులు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకునే చేయండి. ఎందుకు చేస్తున్నారో చెబితే, రేపు వాళ్లే మీకు గుర్తుచేస్తారు.