చిన్న పురుగే కదా అని ఆగొద్దు

టమాటలోనో, మిరపలోనో పురుగు కనబడితే మనం ముందు చూసేది దాని సైజు. సన్నగా ఉంటే 'ఇంకా పిల్ల పురుగేలే, నాలుగు రోజులాగి మందు కొడదాం' అనుకుంటాం. ఎండలు ముదిరే రోజుల్లో ఈ లెక్క తప్పుతుంది.

మనకున్నట్టు పురుగుకు ఒంట్లో సొంత వేడి ఉండదు. బయటి వేడిని బట్టే దాని ఎదుగుదల. చలిలో నిదానంగా ఎదిగి ఒళ్లు చేస్తుంది. వేడిలో తొందరగా ఎదిగి, ఒళ్లు చేయకముందే రెక్కల పురుగవుతుంది. ఇలాంటి జీవులపై జరిగిన ప్రయోగాలను అట్కిన్సన్ అనే శాస్త్రవేత్త 1994లో క్రోడీకరించారు. నూటికి 80కి పైగా సందర్భాల్లో వేడి పెరిగితే సైజు తగ్గిందని తేలింది.

చిన్న తల్లి పురుగు గుడ్లు తక్కువే పెట్టొచ్చు. అయినా సంబరపడొద్దు. తరం తొందరగా తిరుగుతుంది, మరో తరం చేను మీద పడుతుంది. మరీ మండే ఎండకు పురుగూ తట్టుకోలేదు గానీ, అందాకా వేడి దానికి అనుకూలమే. ముదిరిన పురుగు మందుకు ఓ పట్టాన చావదు కూడా.

అందుకే 'నాటిన ఇన్నో రోజుకు మొదటి మందు' అని కేలండర్ చూసి చెప్పే సలహా నాకు నచ్చదు. ఏటా ఎండ ఒకేలా ఉండదు గదా! ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలు పెట్టి, పడిన రెక్కల పురుగులను రోజూ లెక్కపెట్టుకోవాలి. ఆకుల మీద గుడ్లు వెతకాలి. అధికారులు కూడా వాన కబురుతో పాటు, ఈ వారం వేడికి ఏ పురుగు ఎన్ని రోజుల్లో ఎదుగుతుందో చెప్పాలి. అదునెరిగి కొడితే ఒక్క మందైనా తగ్గుతుంది. కౌలు రైతుకు అదీ మిగులే.