పది గజాలు

సంక్రాంతికి మాచర్ల, గురజాల పల్లెల్లో కబడ్డీ చూడని వారుండరు. కూతకు వెళ్లిన కుర్రాడు ఏడుగురిని తప్పించుకొని గీత ముట్టి వచ్చాడంటే ఈలలు, కేకలు. తొడగొట్టకుండా వెనక్కి వచ్చేవాడు మాత్రం అరుదు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో రన్నింగ్ బ్యాక్ అనే ఆటగాడి పని ఇంచుమించు ఇదే. కోలగా ఉండే బంతిని చంకన పెట్టుకొని, మీదపడే పదకొండు మందిని తప్పించుకుంటూ పరుగెత్తాలి. ఎన్ని గజాలు పరుగెత్తితే అంత పేరు. అలాంటివారిలో మేటి బారీ శాండర్స్. 1968లో కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో పుట్టాడు. తండ్రి ఇళ్లకు పైకప్పులు వేసే పనివాడు, పదకొండు మంది సంతానం. బారీ ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలే! 1989లో డెట్రాయిట్ లయన్స్ జట్టులో చేరినప్పుడు చేతికొచ్చిన బోనస్‌లో దశమభాగం తన ఊరి బాప్టిస్టు సంఘానికి ఇచ్చాడు. గీత దాటి పాయింట్లు తెచ్చినవారు గంతులు వేయడం అక్కడ రివాజు. ఆయన మాత్రం బంతిని రిఫరీ చేతికిచ్చి నడిచి వెళ్లేవాడు.

ఆ ఏడాది డిసెంబరు 24న చివరి మ్యాచ్. జట్టు గెలుపు ఖాయమైంది. అందరికన్నా ఎక్కువ పరుగెత్తినవాడన్న బిరుదుకు శాండర్స్ పది గజాల దూరంలో ఉన్నాడు. మళ్లీ దిగుతావా అని కోచ్ అడిగితే వద్దన్నాడు. బిరుదు 1,480 గజాలతో నైజీరియా నుంచి వచ్చిన క్రిస్టియన్ ఒకోయేకు దక్కింది.

పది గజాలు! మనవాళ్లయితే వదులుకుంటారా? కోడిపందెం దగ్గర రాజుకొని కారెంపూడి రణరంగం దాకా పోయిన కథ వింటూ పెరిగిన నేల మనది. ఆ పంతం మందిరం గుమ్మం దగ్గర చెప్పులతోపాటు ఆగడం లేదు. ఫ్యాను ఇస్తే రెక్కల మీద పేరు, బల్ల ఇస్తే బల్ల మీద పేరు. శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలన్న తగవుతో సంఘాలు చీలుతున్నాయి. సభల కరపత్రంలో ఫొటో చిన్నదైందని అలిగే దైవజనులకూ కొదవలేదు. జనమంతా యేసు వద్దకు పోతున్నారని శిష్యులు ఫిర్యాదు చేస్తే బాప్తిస్మమిచ్చు యోహాను సంతోషించాడు. ఆ భాగం మీద ప్రసంగాలకేం, బాగానే చేస్తాం.

శాండర్స్ పదేళ్లలో 15,269 గజాలు పరుగెత్తాడు. వాల్టర్ పేటన్ రికార్డు 16,726. ఇంకొక్క సీజన్ ఆడితే అందేదే. కానీ 1999 జూలైలో, 31 ఏళ్లకే, సొంత ఊరి పత్రికకు ఫ్యాక్స్ పంపి ఆట మానేశాడు. ఆ తీరు మాకు నచ్చదు. తోటివారికి ఎదుటపడి చెప్పి ఉండాల్సింది. జట్టు ఓటములతో విసిగిపోయానని తర్వాత ఆయనే చెప్పాడు గనుక దాన్ని పూర్తిగా త్యాగమనీ అనలేం. అయినా ఆ 1,457 గజాల కోసం ఆయన ఉండిపోలేదు.

అదే ఏడాది నవంబరు 1న పేటన్ కాలేయవ్యాధితో కన్నుమూశాడు. రికార్డు అప్పటికీ ఆయన పేరునే ఉంది.